కాలువ గట్టున కొత్త డ్రైవరు

పామర్రు నుంచి పాలకొల్లు వైపు పోయే 165వ నంబరు జాతీయ రహదారి ఆకివీడు దాటాక ఉండి మీదుగా భీమవరం చేరుతుంది. దానికి కలిసే ఊరి రోడ్లలో చాలావాటికి ఒక పక్కన కాలువో, పంటబోదో, చేపల చెరువో ఉంటుంది. కాలేజీ వేళకి ముగ్గురేసి ఎక్కిన స్కూటీలూ, మేత లారీలూ, రొయ్యల వ్యాన్లూ ఆ ఇరుకులోనే ఒకదాన్నొకటి తప్పుకుంటూ పోవాలి. ఆ స్కూటీ నడిపేది చాలాసార్లు ఇంటర్ చదివే పిల్లవాడే. బండి వాడి చేతిలో చక్కగానే మాట వింటుంది. అది చూసే తండ్రి ధైర్యపడతాడు.

హ్యాండిల్ తిప్పడం, బ్రేకు వెయ్యడం నాలుగు రోజుల్లో వచ్చేస్తాయి. రోడ్డు మీద మరుక్షణం ఏం జరగబోతోందో పసిగట్టడానికి మాత్రం నెలలు పడుతుంది. ముందు ఆటో వేగం తగ్గితే ఎవరో దిగబోతున్నారని, గట్టు మీద ఒక గేదె కనిపిస్తే వెనక మంద ఉంటుందని పాత డ్రైవరుకి తట్టినంత త్వరగా కొత్తవాడికి తట్టదు. వాడి చూపు బండికి దగ్గరలోనే తిరుగుతూ ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు పక్కనుండి నేర్పేటప్పుడు ప్రమాదాలు చాలా తక్కువ. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే అవి అన్నిటికన్నా ఎక్కువ.

ఆ ఆలస్యం ఖరీదు లెక్కేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనబడి బ్రేకు మీదికి చెయ్యి వెళ్లేసరికి సెకనున్నర అయిందనుకుంటే 25 మీటర్లు అక్కడే అయిపోతాయి. ఆరిన తారు రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. అదే 40 వేగంలో అన్నీ కలిపి 26 మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది మరి. మన రోడ్ల సంగతి ఇంకా వేరు. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్ల వల్లో, మాసూళ్లప్పుడు ఆరబోసిన ధాన్యం వల్లో టైరు పట్టు సగానికి పడిపోతే 60 వేగంలో మొత్తం దూరం 65 మీటర్లు దాటుతుంది. పక్కకు తప్పుకుందామంటే కాలువ.

వెనక కూర్చున్న స్నేహితుల సంగతి కూడా శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద బండి నడిపే ఆట ఆడించి, ఫలితాలు 2005లో ప్రచురించారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా తోటివాళ్లు చూస్తుండగా దాదాపు రెట్టింపు సాహసాలు చేశారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో ఆ తేడా లేదు. మెప్పు కలిగించే ఉత్సాహానికి స్పందించే మెదడు భాగాలు ఆ వయసులో బాగా చురుగ్గా ఉంటాయి. ఆగి ఆలోచింపజేసే, నుదుటి వెనకుండే భాగం ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది. ట్రిపుల్ రైడింగ్‌లో బరువుకి తోడు ఈ ప్రమాదం కూడా ఉంది. దీన్ని పిల్లవాడి పొగరని తిట్టడం నాకు అన్యాయమనిపిస్తుంది.

ఈ రెండు సంగతులూ తెలిశాక పరిష్కారం దాదాపు దానంతటదే తోస్తుంది. నారుమడిలో కొన్నాళ్లు పెంచాకే ఊడ్పులు వేసినట్టు, లైసెన్సునీ మెట్లుమెట్లుగా ఇవ్వాలి. న్యూజిలాండ్ 1987లోనే ఆ పని చేసింది. మన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని న్యూజెర్సీలో పదిహేడేళ్లకు వచ్చే లైసెన్సు షరతులతో ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక తెల్లవారుజామున అయిదు దాకా నడపకూడదు. మామూలుగా ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. 2010 నుంచి అలాంటివాళ్లు నంబరు ప్లేటు మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు మొదటి ఏడాది లెక్కలు తీస్తే ఆ కొత్త డ్రైవర్ల ప్రమాదాల రేటు 9 శాతం తగ్గింది. తప్పిన ప్రమాదాలు 1,600కు పైనే అని తేల్చారు.

మన దగ్గర ఎల్ బోర్డు తర్వాత ఒకే మెట్టు. పరీక్ష పాసైన మర్నాడే అర్ధరాత్రి, వానలో, స్నేహితుణ్ణి ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లినా అడ్డు లేదు. పదహారేళ్లవాళ్లకి చట్టం అనుమతించేది 50 సీసీ లోపు గేర్లు లేని బండిని మాత్రమే. కొట్లలో ఉన్న స్కూటీలు చాలావరకు 110, 125 సీసీలు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను కింద మైనరు తప్పు చేస్తే బండి ఇచ్చిన పెద్దలకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్ల దాకా లైసెన్సు రాదు. గట్టి చట్టమే, ఉండాల్సిందే. అయితే నిన్ననే పద్దెనిమిది నిండినవాణ్ణి అది కాపాడలేదు.

ఆ మెట్లు ఇంట్లో వేసుకోవడానికి శాసనసభ అక్కర్లేదు. లైసెన్సు వచ్చిన మొదటి ఆరు నెలలు చీకటి పడ్డాక తాళం ఇవ్వకపోవడం, వెనక ఎవరినీ ఎక్కించుకోనివ్వకపోవడం, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ పట్టీ బిగిస్తేనే బండి తియ్యనివ్వడం. తాళం దాచిన తల్లికి ఇంట్లో తిట్లే మిగులుతాయి. ఆమె ఆపిన ప్రమాదం ఏ రికార్డుకీ ఎక్కదు. జనవరిలో జరిగే రోడ్డు భద్రతా మాసోత్సవాల్లో వ్యాసరచన బహుమతులతో పాటు, ఏడాదంతా ట్రిపుల్ రైడింగ్ లేకుండా చూసుకున్న కాలేజీకీ ఒక బహుమతి ఉండాలని నా కోరిక.

ఎవరి శ్రమ ఫలించిందో తేలాలంటే లెక్క కావాలి. ఐఐటీ మద్రాసు రూపొందించిన ఐరాడ్ అనే రోడ్డు ప్రమాదాల డేటాబేసులో పోలీసులు ప్రమాదాల వివరాలు నమోదు చేస్తున్నారు. లైసెన్సుల తేదీలు రవాణా శాఖ దగ్గర ఉన్నాయి. పేర్లు తీసేసి ఆ రెంటినీ జతచేస్తే, లైసెన్సు వచ్చిన ఎన్నో నెలలో, ఏ గంటలో, ఏ గట్టు మీద కొత్తవాళ్లు పడిపోతున్నారో తెలుస్తుంది. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుకి ఇది చక్కగా సరిపోయే పని.