నల్లరాతి నునుపు, నల్లని కురుల మెరుపు

హనుమకొండలోని వేయిస్తంభాల గుడికి ప్రాతఃకాలమున పోయి, ఆలయమునకును ఎదుటి మండపమునకును నడుమ కూర్చున్న నందీశ్వరుని ప్రక్కన కొంతసేపు నిలిచినవారికి ఒక వింత కనబడును. తూర్పున ఎక్కివచ్చు ఎండ ఆ నల్లరాతి వీపుమీద సోకినంతనే ఒక తెల్లని మెరుపుచార మూపురము ప్రక్కనుండి వెనుకకు సాగును. అదే ఎండ ప్రాంగణములోని గరుకుబండలమీద పడినపుడు మాత్రము రాతిలో ఇంకిపోయినట్లు అణగిపోవును. 1163వ సంవత్సరమున కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో గాని, 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన రామప్పగుడి మదనికా శిల్పములయందు గాని, మెరుపు అనునది శిల్పి పైనుండి తెచ్చి పూసినది కాదు. అతడు రాతిని నునుపు చేసెను. ఆ నునుపే వెలుతురు తగిలినపుడు మెరుపైనది.

వెండ్రుకలను గూర్చి వ్రాయబూని రాతిముచ్చట ఎత్తుటకు కారణమిదియే. కళ దప్పిన జుట్టుకు మెరుపు తెచ్చుకొనగోరువారు అంగడిలో ఏ సీసా కొనవలెనా యని మొదట ఆలోచింతురు. ఆలోచింపవలసినది, తమ కురుల నునుపు ఎక్కడ, ఏ పనివలన, ఏ నీటివలన పోవుచున్నదా యని.

వెండ్రుక లావు సాధారణముగా మిల్లీమీటరులో పదవవంతునకు మించదు. అంత సన్ననిదానికిని పైకప్పు కలదు. ఓరుగల్లు పాతయిండ్లమీది గూనపెంకులు ఒకదానిమీద నొకటి యొదిగి వాననీటిని జార్చునట్లు, వెండ్రుక చుట్టును పారదర్శకములైన పలుచని పొలుసులు కుదురునుండి కొసవైపునకు వాలి, 6 మొదలు 10 పొరలుగా పేర్చబడి యుండును. వానిమీద కంటికి కానరాని సన్నని కొవ్వుపొర ఒకటి పుట్టుకతోనే అంటియుండును. పొలుసులన్నియు చదునుగా అణగియున్నపుడు వెలుతురు అద్దముమీద పడినట్లు ఒకే దిక్కునకు తిరిగివచ్చును. అవి లేచి, విరిగి, అంచులు చెదరినపుడు ఆ వెలుతురే నలుదిక్కులకు చెదరి జుట్టు దుమ్ము పట్టినట్లు కనబడును. నల్లని కురులకు ఇంకొక మేలు కూడ కలదు. లోపలికి చొచ్చిన వెలుతురును నలుపు మ్రింగివేయును గనుక, పైపొరనుండి మరలివచ్చిన మెరుపు ఒక్కటియే కంటికి స్ఫుటముగా తోచును. నంది వీపుమీది చార అంత తెల్లగా కనబడుటకును ఆ రాతి నలుపే తోడు. వంకులు తిరిగిన జుట్టు ఎంత ఆరోగ్యముగా నున్నను వెలుతురును అనేక దిక్కులకు పంపును గనుక తిన్నని జుట్టంతగా మెరవదు. అది దాని స్వభావమే గాని లోపము కాదు.

ఇంకొక్క సంగతి తెలిసికొనినచో తక్కిన విషయమంతయు సులభమగును. చర్మమునుండి బయటికి వచ్చిన వెండ్రుకకు ప్రాణము లేదు. చేతికి తగిలిన గాయము మానును. వెండ్రుకకు తగిలినది మానదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకను కొంచెము అధికముగా పెరుగును. ఆ లెక్కను మూడడుగుల జడ కొస, తలనుండి వెలువడి సుమారు ఏడు సంవత్సరములైనది. వారమున కొకసారి తలస్నానము చేయు ఇంట ఆ కొస 300 సార్లకు పైగా తడిసి ఆరినది, అంతకు అనేక రెట్లు దువ్వెన పాలైనది. కుదుళ్లవద్ద నిగనిగలాడు జుట్టు కొసలయందు వెలవెలబోవుటకు కారణము వేరు వెదకనక్కరలేదు.

ఓరుగల్లు మట్టెవాడలో మా అమ్మమ్మయింట ఆదివారపు తలంటు నాకు ఇప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది. తెల్లవారకమునుపే రాగికాగు క్రింద పొయ్యి రాజుకొనెడిది. రాత్రి నానవేసిన కుంకుళ్లను ఆమె సర్వలో పిసికి, పాతచీర పేలికతో వడగట్టి, నన్ను పీటమీద కూర్చుండబెట్టెడిది.

“కండ్లు గట్టిగ మూసుకో బిడ్డా, రసం పడితె మంట పెడ్తది.”

“ఇంకెంతసేపు అమ్మమ్మా?”

“నీళ్లు తేటగ కారేదాంక.”

త్వరపడి నేనే రెండుచేతులతో జుట్టును నలుపబోయిన ఒకనాడు ఆమె నా చేతులు పట్టి ఆపి, “ఎంటికలు బట్టలు కావు బిడ్డా, ఇది ఉతుకుడు కాదు, కడుగుడు” అనెను. వ్రేళ్లకొనలతో కుదుళ్లను మాత్రము రుద్ది, ఆ నురుగును జడ పొడవునను క్రిందికి జార్చుటయే ఆమె పద్ధతి. చదువురాని ఆ వృద్ధురాలి మాటలో, సూక్ష్మదర్శినితో వెండ్రుక పొలుసులను పరిశీలించినవారు చెప్పు సారమంతయు ఇమిడియున్నది. జిడ్డు పుట్టునది తలచర్మమున, కడుగవలసినదియు దానినే. కొసలను ఒండొంటితో రాచినచో పెంకులు ఎదురు తిరిగి విరుగును.

కుంకుడుకాయలోను సీకాయలోను సాపోనిన్లను నురుగు పదార్థములు సహజముగా కలవు. జిడ్డును వదలగొట్టుటయందు ఇవి సబ్బువలె పనిచేయునుగాని సబ్బువలె క్షారములు కావు. కొంచెము ఆమ్లగుణము కలవి. క్షారము తగిలిన వెండ్రుక ఉబ్బి పొలుసులు విప్పుకొనును. కొద్దిపాటి పులుపు తగిలినచో అవి అణగును. అందుచేతనే ఒంటిసబ్బుతో తల రుద్దుకొనినవారి జుట్టు చీపురుపుల్లవలె బిరుసెక్కును. నడుమువరకు జడ గలవారికి 10, 12 కుంకుడుకాయలు చాలును. వానిని పగులగొట్టి గింజలు తీసివేసి, తొక్కను రాత్రి వేడినీట నానవేసి, ఉదయమున పిసికి, పలుచని గుడ్డలో రెండుమార్లు వడగట్టవలెను. వడగట్టుటలో అశ్రద్ధ చేసినచో పిప్పి కురులలో చిక్కి, పడిన శ్రమ వ్యర్థమగును. తీరిక లేనివారు షాంపూ వాడుటలో దోషము లేదు. ఆ మాట పుట్టినదియు పిసుకుట, మర్దించుట అను అర్థముగల హిందీ ధాతువునుండియే. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దారంభమున ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున స్నానశాల తెరచి ఆ మర్దనమునకు ఖ్యాతి తెచ్చెను. కావున షాంపూ అనినను మొదట మన తలంటే. దానిని నీటిలో కలిపి పలుచన చేసి, కుదుళ్లకు మాత్రము పట్టించి, పిదప కొసలకు కొంచెము కండిషనరు రాసి కడిగినచో అరిగిన పొలుసుల నడిమి సందులు తాత్కాలికముగా పూడి నునుపు కలుగును.

ఇక నీటి సంగతి. మన ప్రాంతమున ఎన్నియో ఇండ్ల జుట్టు వెలవెలబోవుటకు అసలు కారణము స్నానాలగదిలోని కుళాయిలోనే యున్నదని నా నమ్మకము. పాకాల, లక్నవరము, రామప్ప చెరువులను కాకతీయులనాడు తవ్వించిరి. చెరువున నిలిచినది వాననీరు గనుక అది సాధారణముగా మెత్తనిది. రాతిపొరలలో చిరకాలము నిలిచి, వాని లవణములను కరగించుకొని బోరుగొట్టము గుండ పైకి వచ్చు నీటిలో కాల్షియము, మెగ్నీషియము హెచ్చుగా నుండును. సబ్బు నురుగు రాకుండుట, కందిపప్పు ఎంతసేపటికిని ఉడుకకుండుట, నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట, ఇవి ఆ నీటి గుర్తులు. గిన్నె అడుగున కనబడు ఆ తెలుపే సబ్బుతో కలిసి వెండ్రుకమీద పేరుకొని దాని మెరుపును మూసివేయును. అట్టి నీటిని కాచి, చల్లార్చి, తేరిన పైనీటిని వంచుకొనినచో కొంత కాఠిన్యము తగ్గును. మృగశిర మొదలు వానలు పడు దినములలో మొదటి జల్లు పోనిచ్చి పిదప డాబామీదినుండి పట్టిన నీటిని, చివరిమారు తలమీద పోసికొనుటకు రెండు చెంబులు దాచుకొనినను చాలును.

అదియు దొరకని ఇంట నిమ్మకాయ ఉపకరించును. లీటరు నీటిలో ఒక పెద్దచెంచాడు నిమ్మరసము కలిపి, కడిగిన జుట్టుమీద మెల్లగా పోసి, నిమిషమాత్రము ఆగి మంచినీటితో కడుగవలెను. ఆ పులుపు సున్నపుపెచ్చును కరగించును, విప్పారిన పొలుసులను అణచును. నిమ్మరసమును నీరు కలుపక రాయరాదు. అది చర్మముమీద నిలిచియుండగా ఎండలోనికి పోరాదు, మచ్చలు పడి బొబ్బలెక్కు ప్రమాదము కలదు. జుట్టుకు రంగు వేసికొనినవారు దీనిని నెలకు ఒకటి రెండుమార్లకు మించి చేయకుండుట మేలు.

తలకు నూనె పెట్టుట మన ఇండ్ల పాత ఆచారము. 2003వ సంవత్సరమున ముంబయిలో ఆరతి రేలే, ఆర్. బి. మోహిలే అను పరిశోధకులు కొబ్బరినూనెను, ప్రొద్దుతిరుగుడు నూనెను, ఖనిజతైలమును పోల్చి చూచి, వెండ్రుకలోని మాంసకృత్తు నష్టమును గణనీయముగా తగ్గించినది కొబ్బరినూనె యొక్కటియే యని ప్రకటించిరి. వారు కొబ్బరినూనె విక్రయించు సంస్థకు చెందినవారే యైనను, వారు చూపిన హేతువు సరియైనది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, తిన్ననిది. అది వెండ్రుక లోనికి చొరగలదు. లోన నూనె యున్నచోట నీరు అధికముగా చేరదు, వెండ్రుక అంతగా ఉబ్బదు. స్నానమునకు రెండు మూడు గంటలముందు, అరచేయి తడియునంత నూనెను జుట్టు పొడవునను పట్టించుట ఉత్తమము. తలయంతయు కారునట్లు పోసికొనినచో దానిని వదిలించుటకై మరింత రుద్దవలసి వచ్చి లాభము నష్టమగును. చుండ్రు గలవారు కుదుళ్లకు నూనె పట్టింపరాదు. చుండ్రు కారకమైన శిలీంధ్రమునకు కొవ్వే ఆహారము.

వంటింటి వస్తువులలో మెంతులకు మొదటి పీట వేయవలెను. రెండు చెంచాల మెంతులను రాత్రి నానవేసి, వెన్నవలె రుబ్బి, అరగంటసేపు జుట్టుకు పట్టించి కడిగినచో వానిలోని జిగురు వెండ్రుకమీద సన్నని పొరయై నిలిచి నునుపు నిచ్చును. మందారపు ఆకును నలిపినపుడు వచ్చు జిగటకును ఇదే గుణము. అన్నపుగంజిని పలుచన చేసి పోసికొనుట కూడ మంచిదే. కాని దానిని పూర్తిగా కడుగక వదలినచో గంజిపెట్టిన నూలుచీరవలె జుట్టు బిరుసెక్కును. గ్రుడ్డుసొన, పెరుగు పైపూతగా నిలుచునుగాని, వానిలోని మాంసకృత్తుల అణువులు పెద్దవగుటచే లోనికి పోజాలవు. గోరింటాకులోని లాసోన్ అను వర్ణము వెండ్రుకలోని కెరటిన్ అను మాంసకృత్తును అంటిపట్టుకొని ఎరుపుచాయ నిచ్చును. కొందరి జుట్టు దానిచే పొడిబారును గనుక మరునాడు నూనె పెట్టుకొనవలెను. గోరింటాకు పేరిట అమ్ముడుపోవుచు కొద్దిసేపటిలోనే నల్లరంగు నిచ్చు పొడులలో తరచుగా రసాయనిక వర్ణము కలిసియుండును. చెవివెనుక కొంచెము రాసి రెండు దినములు చూడక దానిని తలకు పెట్టరాదు. వంటసోడాతో తల కడుగుడని చెప్పువారి మాట వినవలదు, అది క్షారము.

ఎంత శ్రద్ధగా కడిగినను ఆరబెట్టుటలో చెడగొట్టుకొనువారు పెక్కురు. తడిసిన వెండ్రుక ఉబ్బి, సాగి, బలహీనమై యుండును. దానిని తువాలుతో దులుపుట, తడిమీదనే సన్నదువ్వెనతో లాగుట తగదు. మెత్తని పాత నూలుగుడ్డ చుట్టి నీరు పీల్చనిచ్చి, నీడపట్టున గాలికి ఆరనిచ్చి, ఎడముపండ్ల చెక్కదువ్వెనతో మొదట కొసలను, పిదప నడిమిని, కడపట కుదుళ్లను దువ్వవలెను. రోహిణికార్తెలో ఓరుగల్లు ఎండ వెండ్రుకమీది కొవ్వుపొరను హరించును గావున తలపై కొంగుగాని నూలురుమాలుగాని యుండవలెను. చిట్లిన కొసలను అతికించు మందు లేదు; రెండు మూడు నెలలకొకమారు చిట్లినంతమేర కత్తిరించుటయే వానికి చికిత్స.

పైపని యింతవరకే. కుదుటినుండి క్రొత్తగా వచ్చు వెండ్రుక బలము రక్తమునుండి రావలెను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, మాంసము అందరికిని వడ్డించిన పిదప కూర్చుండి మిగిలినంతవరకే తిను ఇల్లాండ్రకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలెను: ఇంటిల్లిపాది కంచములలో పడినది మీ కంచమునను పడవలెను. జుట్టు కుచ్చులుగా ఊడుచున్నను, పెళుసు బారినట్లుండి అలసట కూడ తోడైనను, మెంతులతో కాలము గడుపక వైద్యునివద్దకు పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

మహాలయ అమావాస్యనాడు, ఎంగిలిపూల బతుకమ్మకు, వేయిస్తంభాల గుడి ప్రాంగణము స్త్రీలతో నిండిపోవును. ఆ ఉదయమే ఇంటింట తలస్నానములైనవి. గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మల చుట్టు వలయముగా తిరుగుచు వారు వంగి చప్పట్లు చరచునపుడు, దీపముల వెలుతురు వారి జడలమీద పైనుండి క్రిందికి జారి, మరల వారు లేచినపుడు పైకి పోవును. పోయిన యేడు నేనును ఆ వలయము అంచున నిలిచియుంటిని. నా ముందున్న బాలిక జడ వెనుక, చీకటిలో నందీశ్వరుని వీపు కనబడుచుండెను. రెంటిమీదను మెరుపుచార ఒకటే. ఆ రాతిని శిల్పి నునుపు చేసి యిచ్చి 850 ఏండ్లు దాటినది. ఆ బిడ్డ కురులను ప్రకృతి నెలకొక సెంటీమీటరు చొప్పున నునుపు చేసియే యిచ్చుచున్నది. “ఉతుకుడు కాదు, కడుగుడు” అని ఆమెకు చెప్పు అమ్మమ్మ యొకతె ఇంట నుండిన చాలునని నాకు తోచెను.