జాబితా నుండి పేర్లు తొలగించు విధము

ఉప్పల్ శాసనసభా నియోజకవర్గము 2008 నాటి పునర్విభజనలో ఏర్పడి, 2009లో తొలిసారి ఎన్నికను చూచినది. నాచారము, రామంతపూరు, హబ్సిగూడ దీనిలోనివే. అద్దె ఇండ్లు ఎక్కువగా గల ప్రాంతమగుటచే ఇక్కడి జనము తరచుగా ఇండ్లు మారుచుందురు. కొందరు కాలము చేయుదురు. కొందరి పేర్లు రెండు చోట్ల పడును. కావున ఓటర్ల జాబితాలో పేర్లు చేర్చుట ఎంత అవసరమో, తీసివేయుటయు అంత అవసరమే. ఈ పనిని కంప్యూటరుకు ఎట్లు చెప్పవలెనో చూతము.

ఆబ్జెక్టుల పద్ధతిలో ప్రోగ్రాము వ్రాయువారు ప్రతి ఓటరును ఒక ఆబ్జెక్టుగా భావింతురు. పేరు, వయస్సు, ఇంటి నంబరు దానిలోనే ఇమిడియుండును. అంతేకాదు, “నీవు ఈ ఇంటినుండి మారితివా?” అని అడిగినచో అవునని గాని కాదని గాని అదియే బదులు చెప్పును. జాబితా మరియొక ఆబ్జెక్టు. షరతుకు బదులు చెప్పుట ఓటరు పని. తీసివేయుట జాబితా పని.

ఇక విద్యార్థి ఏమి చేయును? మొదటి స్థానమునుండి వరుసగా పోవుచు, మారినవాడు కనబడగానే తీసివేయుమని వ్రాయును. చూచుటకు ఇందులో దోషమేమియు లేదు. కాని జాబితాలో ఒకే ఇంటివారు ప్రక్కప్రక్కనే ఉందురు గదా! 3వ స్థానమున తండ్రి, 4న తల్లి, 5న కొడుకు ఉన్నారనుకొనుడు. కుటుంబమంతయు నాచారము విడిచి కరీంనగరు పోయినది. ప్రోగ్రాము 3వ పేరును తీసివేయగానే వెనుకనున్న వారందరు ఒక్కొక్క అడుగు ముందునకు జరుగుదురు. తల్లి 3వ స్థానమునకు వచ్చును. ప్రోగ్రాము మాత్రము 3 అయినదని 4కు పోవును. అక్కడ నున్నది కొడుకు, అతడును పోవును. తండ్రీకొడుకులు కరీంనగరు చేరిరి, తల్లి ఒక్కతెయే నాచారములో మిగిలినది! ఆమెను ఎవరును అడుగనే లేదు.

ఈ తప్పు ఏ హెచ్చరికయు లేకుండ జరిగిపోవును. తీసివేయవలసిన పేర్లు ఎడమెడముగా ఉన్నచో జవాబు సరిగానే వచ్చును గనుక పరీక్షించినవాడు కూడ మోసపోవును. నేనును ఒకసారి అట్లే మోసపోయితిని.

జావా భాషలో ఇండెక్సు లేకుండ ఒక్కొక్క ఆబ్జెక్టును అందించు వలయము కలదు. దాని నడుమ జాబితాను మార్చినచో సాధారణముగా యంత్రము పనిని ఆపివేసి తప్పు తెలుపును. దీనిని పూర్తిగా నమ్మరాదు. చివరినుండి రెండవ పేరును తీసివేసినపుడు వలయము పని ముగిసినదనుకొని కడపటి పేరును చూడకయే మౌనముగా ఆగిపోవును.

చివరినుండి మొదటికి నడచుట ఒక ఉపాయము. అపుడు స్థానము మారువారందరు మనము ముందే చూచినవారగుదురు. జవాబు సరియే; శ్రమ మాత్రము మిగిలియున్నది. వేయి పేర్లలో మొదటి 500ను ముందునుండి ఒక్కొక్కటిగా తీసివేసినచో మిగిలిన పేర్లను మొత్తము 3,74,750 సార్లు జరుపవలెను. వెనుకనుండి తీసినను 2,50,000 సార్లు తప్పదు.

2014లో వచ్చిన జావా 8లో ‘రిమూవ్ ఇఫ్’ అను ఆజ్ఞ చేరినది. షరతును మాత్రము మనము చెప్పుదుము. తిరుగుట, తీయుట జాబితాయే చూచుకొనును. ఎక్కువగా వాడుకలోనున్న అర్రే లిస్టులో ఈ పని రెండు దశలుగా జరుగును. మొదట అందరిని అడిగి, పోవలసినవారికి గుర్తు పెట్టును, ఎవరిని కదల్పదు. పిదప మిగులవలసినవారిని ఒక్కమారే ముందునకు జరుపును. పై లెక్కలో జరుపుళ్లు 500 మాత్రమే. అడుగుచుండగా నడుమ పొరపాటు సంభవించి పని ఆగినను జాబితా చెక్కుచెదరదు.

అచ్చయిన ఓటర్ల జాబితా కూడ ఇట్టిదే. తీసివేసిన పేరుపై తొలగింపు ముద్ర పడును, అనుబంధములో దానిని చూపుదురు. మిగిలినవారి వరుస సంఖ్యలు వెంటనే మారవు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 22వ విభాగము ప్రకారము ఇల్లు మారెనని గాని అర్హత లేదని గాని పేరు తీయుటకు ముందు ఆ వ్యక్తి మాట వినుటకు అవకాశమీయవలెను. గుర్తు పెట్టుటకు, తీసివేయుటకు నడుమ కొంత వ్యవధి ఉన్నపుడే గదా ఇది సాధ్యము!

ఇంతవరకు తీయు పద్ధతి చూచితిమి. షరతే తప్పైనచో? “ఇక్కడ నివసించుచున్నట్లు నమోదైనదా?” అని అడిగి, కాదన్నవారిని తీసివేయుమని వ్రాసితిమనుకొనుడు. విచారణకు వచ్చినవాడు తలుపుకు తాళము చూచి ఆ గడిని ఖాళీగా విడిచినాడు. ఖాళీ గడి కూడ కాదనియే బదులు చెప్పును. ఉద్యోగమునకు పోయిన మనిషి ఓటు పోవును. “మారినట్లు రుజువైనదా?” అని అడిగినచో అదే ఖాళీ గడి అతనిని కాపాడును. ‘లేదు’ వేరు, ‘తెలియదు’ వేరు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలలో ఓటు వేయబోయి తమ పేరు కనబడక వెనుదిరిగినవారు అనేకులు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చినది.

ఉపాధ్యాయులు దీనిని హాజరుపట్టీతోనే చూపవచ్చును. ఏడు పేర్లు చాలును. బడి మారినవారిని ఇద్దరిని ప్రక్కప్రక్కన ఉంచుడు, మరియొకరిని చివరినుండి రెండవ స్థానమున ఉంచుడు, ఇంకొకరి గడిని ఖాళీగా విడువుడు. విద్యార్థులు వ్రాసిన ప్రోగ్రామును దానిపై నడిపించి, మిగిలిన పేర్లను పైకి చదివింపుడు.