యౌవనమున చూపును హరించు వ్యాధి

కంటి నల్లగుడ్డును అద్దమువలె కప్పియుండు పారదర్శకమైన పొరయే కార్నియా. దీనికి వంశపారంపర్యముగా వచ్చు వ్యాధులలో మాక్యులర్ డిస్ట్రోఫీ ఒకటి. 2000లో శాస్త్రజ్ఞులు గుర్తించిన ఒక జన్యువు లోపభూయిష్టమైనచో, కెరటాన్ సల్ఫేటు అను పదార్థము సరిగా తయారుకాదు. అందుచే పొరపై మచ్చలేర్పడి, చదువుకొను ప్రాయముననే చూపు మసకబారును.

తల్లిదండ్రులిరువురి నుండియు లోపము సంక్రమించిననే వ్యాధి కలుగును. వారి చూపు మాత్రము చక్కగా నుండును. అట్టి దంపతుల ప్రతి బిడ్డకును నాల్గింట ఒక వంతు ప్రమాదము గలదు. రక్తసంబంధుల వివాహములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. మేనరికము పాటించు మన కుటుంబములు, హిందువులైనను ముస్లిములైనను, ఈ విషయము నాలోచింపవలెను.

మందులతో ఈ మచ్చలు పోవు. చూపు బాగుగా క్షీణించినప్పుడు, మరణించిన దాత కార్నియాను అమర్చుటయే ముఖ్యమైన చికిత్స. కావున నల్లబల్లపై అక్షరములు కానరాని విద్యార్థిని అశ్రద్ధపరుడని నిందింపక, ముందుగా కంటి వైద్యునికి చూపింతము.