తుఫాను రాత్రి ఎవరి సెట్ ఎవరికి వినపడుతుంది?

సెల్‌ఫోన్ వచ్చాక వైర్‌లెస్ సెట్ల కాలం అయిపోయిందని మనలో చాలామంది అనుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖపట్నంలో ఫోన్లు మూగబోయాయి. కరెంటు పోతే టవర్‌కు బ్యాటరీ ఆధారం, బ్యాటరీ అయిపోతే డీజిల్, రోడ్డు తెగితే ఆ డీజిల్ కూడా రాదు. పోలీసుల వీహెచ్ఎఫ్ సెట్ అలా కాదు. దగ్గరివాళ్లయితే సెట్ నుంచి సెట్‌కే మాట పోతుంది. దూరమైతే ఎత్తయిన చోట పెట్టిన రిపీటర్ దాన్ని అందుకుని మళ్లీ పంపుతుంది. పేపర్లో చదివే ‘సెట్ కాన్ఫరెన్స్’ అనే మాట పుట్టింది దీనిమీదే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఈ సెట్లు శాఖకొకటి. పోలీసులది ఒకటి, కోస్ట్ గార్డుది ఒకటి, ఓడరేవుది ఒకటి, నదుల నీటిమట్టం చెప్పే కేంద్ర జలసంఘానిది మరొకటి.

మన తీరాన్నే తీసుకుందాం. తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు... పట్టపుపాళెంలలో పుట్టి హాస్టల్లో చదువుకున్నవాళ్లు మనలో ఎందరో. మైపాడు ఎదురుగా ఒక బోటు ఇంజను చెడి నిలిచిపోయిందనుకోండి. బోటులో మెరైన్ సెట్ ఉంటే 16వ ఛానల్ మీద, అంటే 156.8 మెగాహెర్ట్జ్ మీద, పిలుస్తారు. ప్రపంచమంతటా సముద్రం మీద ఆపదకు అదే ఛానల్. కోస్ట్ గార్డు వింటుంది, దగ్గర్లోని ఓడలు వింటాయి. ఒడ్డున నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో ఉన్నది కూడా చాలావరకు అదే వీహెచ్ఎఫ్ శ్రేణికి చెందిన సెట్టే. అయినా అతనికి వినపడదు. ఆ సెట్‌లో తన శాఖకు లైసెన్సు ఉన్న ఫ్రీక్వెన్సీలే నింపి ఉంటాయి కాబట్టి. యంత్రానికి చేతకాక కాదు, అనుమతి లేక. చిన్న పడవలకైతే ఆ మెరైన్ సెట్టూ ఉండదు. వాటి కోసమే ఉపగ్రహం ద్వారా రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకాన్ని కేంద్రం 2024లో ప్రారంభించింది.

అనుమతి ఎవరిస్తారు? దేశంలో ఫ్రీక్వెన్సీలను పంచేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. ఇది 1952లో ఏర్పడింది. అన్ని రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్‌ను సమన్వయం చేయడానికి కేంద్ర హోంశాఖ కింద డీసీపీడబ్ల్యూ అనే సంస్థ 1946 నుంచి ఉంది. సెట్లు కొనడం, నడపడం రాష్ట్రం పని. పోలీసుల మాటలు అందరూ వినకూడదన్నదీ న్యాయమే. దొంగను పట్టబోతూ ఊరికి చాటింపు వేయలేరు కదా! కానీ ఆపద రోజుకు కూడా అదే గోడ ఉంటే ఏమవుతుందో 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో తెలిసింది. భవనం కూలేలా ఉందని హెలికాప్టర్లోంచి పోలీసులు తమ రేడియోలో హెచ్చరించారు. లోపల ఉన్న అగ్నిమాపక సిబ్బంది రేడియోలు వేరు కావడంతో ఆ మాట వాళ్లకు చేరలేదు. ఆ రోజు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది.

ఒకే మాట అందరికీ చేరితే ఏమవుతుందో చెప్పే అనుభవం మన దగ్గరే ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయారు. తర్వాత 1980లలో ఇన్సాట్-1బి ఉపగ్రహం ద్వారా హెచ్చరిక పంపే ఏర్పాటు చేశారు. తొలి రిసీవర్లు పెట్టిన చోట్లలో దక్షిణ ఆంధ్ర తీరం ఒకటి. మద్రాసు వాతావరణ కేంద్రం పంపగానే, ఎంచుకున్న ప్రాంతంలోని రిసీవర్లు మాత్రమే సైరన్ మోగించి, స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేవి. ఏ శాఖ ఆఫీసులో ఉన్నా అందరికీ అదే మాట, అదే నిమిషంలో. 1990 మే 9 తుఫానులో మృతులు వెయ్యి లోపే. ఒక్క రేడియో వల్లే అనలేం. లక్షలమందిని ముందే తరలించడం పెద్ద కారణం. కానీ తరలించాలంటే కబురు ముందు అందాలి.

అందుకని అందరికీ ఒకే కొత్త నెట్‌వర్క్ కొనాలా? నా అభిప్రాయంలో అంత అవసరం లేదు. ఆపద వేళకు ఒక ఉమ్మడి ఛానల్ నిర్ణయించి అన్ని శాఖల సెట్లలో ముందే నింపాలి. కంట్రోల్ రూమ్‌లో రెండు రేడియోలను కలిపే గేట్‌వే పెట్టాలి. అదీ లేకపోతే అన్ని శాఖల ఆపరేటర్లను ఒకే గదిలో కూర్చోబెట్టాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు మన తీరంలోని దక్షిణ భాగం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కంట్రోల్ రూములు రెండయ్యాయి. గాలికి జిల్లా సరిహద్దు తెలియదు గనుక ఆ రెండూ మాట్లాడుకోవాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు మనిషిని పంపి కబురు చెప్పే దారి కూడా ఉండదు.

ఇదంతా అధికారుల దయ మీద వదిలిన విషయమేమీ కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం సమాచార వ్యవస్థలు సరిగా ఉండేలా చూడటం, అప్పుడప్పుడూ డ్రిల్ జరపడం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా అథారిటీ విధి. డ్రిల్ చివరిగా ఎప్పుడు జరిగింది, అందులో పోలీసు సెట్ నుంచి కోస్ట్ గార్డుకు మాట వెళ్లిందా అని సమాచార హక్కు దరఖాస్తుతో ఎవరైనా అడగవచ్చు. డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పని చేయగలరు. ఆసక్తి ఉన్నవారు హ్యామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాయవచ్చు, పన్నెండేళ్లు నిండితే చాలు. ఫోన్లు పనిచేస్తున్నంతవరకు సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093. ఇంటికి వెళ్లినప్పుడు ఈ రెండూ పడవ లోపలి చెక్క మీద పెయింటుతో రాయించండి.