మంచి మనస్సుకు తోడు చదువు

1953లో వెలువడిన ‘దేవదాసు’ చిత్రమును చూచి కన్నీరు పెట్టని తెలుగువారు అరుదు. అందు త్రాగుడు భగ్నప్రేమకు గుర్తు. వైద్యశాస్త్రము దృష్టిలో మాత్రము అది చికిత్సకు లొంగు రోగము.

చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదు చేరిన పిమ్మట జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములు దానికి నెలవైనవి. అచ్చట నేడున్న పని రేపుండునో లేదో తెలియదు. రాత్రులందును షూటింగులు సాగును. ఇట్టి జీవితమున వ్యసనము సులభముగా చోటు చేసికొనును. మిత్రులు “ఈ పూటనుండే మానివేయుము” అందురు. మాట మంచిదే. కాని ఏండ్ల తరబడి మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో కొద్ది దినములలోనే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. అట్టివానిని ముందుగా వైద్యుని కడకు పంపవలెనని ఎరుగుట సలహాదారునకు మొదటి పాఠము.

ఈ వృత్తిని కోరువారు సాధారణముగా మనస్తత్వశాస్త్రములో రెండేండ్ల ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి. చదివి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులతో మాటలాడుట నేర్తురు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస మండలిలో నమోదు కావలెను.

రోగిని నిందింపక, వాదింపక, మారవలసిన కారణమును అతని నోటనే పలికించు పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983లో వివరించెను. వినుట కూడ ఒక విద్యయని దీనివలన తెలియును. విన్నదానిని దాచుట మరియొక విధి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి గోప్యతా హక్కు నిచ్చినది. ప్రఖ్యాతులు నివసించు పేటలో దాని విలువ చెప్పనక్కరలేదు.

జాలిగుండె పుట్టుకతో రావచ్చును. ఎప్పుడు ఓదార్చవలెనో, ఎప్పుడు వైద్యుని పిలువవలెనో చదువు నేర్పును.