జాబితాలో చివరి పేరు

పెద్దలకు నీళ్లు వదిలే భవానీపురం రేవులో, చుట్టం కాని మనిషికీ ఒక ముద్ద ఉంది

మహాలయ అమావాస్య ఆదివారం సంచికకు దుఃఖం మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. ముగ్గురు మానసిక వైద్యులతో మాట్లాడటం, నాలుగు కుటుంబాల అనుభవాలు రాయటం, చివర సలహాలతో ఒక బాక్సు: ముందు అనుకున్నది ఇదే. బెజవాడ భవానీపురంలోని పున్నమి ఘాట్ మెట్ల మీద ఒక రూళ్ల కాగితం చూశాక, కథనం దాని చుట్టూనే తిరిగింది.

పిల్లల నోటు పుస్తకంలోంచి చించిన కాగితం. నీలం ఇంకుతో పేర్లు, పక్కన గోత్రాలు. యాభై దాటిన ఒకాయన దాన్ని తడవకుండా పంచె మడతలో పెట్టుకుని నీళ్ల అంచున కూర్చున్నాడు. ఎదురుగా అరిటాకులో నల్ల నువ్వులు, దర్భలు, అన్నం ముద్దలు. పంతులుగారు అడిగిన ప్రతిసారీ కాగితం తీసి పేరు చదువుతున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నువ్వుల నీళ్లు పళ్లెంలోకి జారుతున్నాయి. రెండు మెట్లు పైన కూర్చున్న భార్య మధ్యలో అందుకుంది. "ఏవండీ, గుడివాడ పెద్దమ్మని రాయలేదు మీరు." ఆయన పెన్ను అడిగి తీసుకుని, రెండు వరుసల మధ్య ఇరికించి రాశాడు.

ఆ వరుసకు ఒక క్రమం ఉంది. ముందు తండ్రి, తాత, ముత్తాత. వీళ్లను వసువులుగా, రుద్రులుగా, ఆదిత్యులుగా తలుస్తారు. తరవాత తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. తండ్రికి మరో భార్య ఉంటే ఆమె. ఆపైన అమ్మవైపు తాతలు, అమ్మమ్మలు. అక్కణ్నుంచి జాబితా పక్కలకు విస్తరిస్తుంది. భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బాబాయిలు, మేనమామలు, మేనత్తలు, పిన్నమ్మలు, అత్తమామలు. రక్త సంబంధం, పెళ్లి సంబంధం అయిపోయాక కూడా అది ఆగదు. గురువు ఉంటాడు, శిష్యుడు ఉంటాడు, ఆప్తమిత్రుడు ఉంటాడు. తీర్థాల్లో అన్నిటికన్నా చివర ధర్మపిండం పెడతారు. పిల్లల్లేక పోయినవాళ్లు, కడుపులోనే పోయినవాళ్లు, నీళ్లు వదిలే చెయ్యి లేనివాళ్లు, అందరికీ కలిపి ఆ ఒక్క ముద్ద.

ఆయన కాగితంలో చివరి పేరుకు గోత్రం దగ్గర గీత ఉంది. పక్కన "ఫ్రెండు" అని రాసి ఉంది.

"గోత్రం?"

"వాళ్లకి ఉండదండీ."

"కశ్యప గోత్రం అనండి," అన్నారు పంతులుగారు తలెత్తకుండానే.

గోత్రం తెలియనివాళ్లకు కశ్యప గోత్రం చెప్పడం పాత ఆచారమే. పంతులుగారికి అది రోజూ ఉండే పని. కాగితం తెచ్చిన మనిషి మాత్రం ఆ పేరు దగ్గరే తడబడ్డాడు. తరవాత మెట్ల మీద తల తుడుచుకుంటూ చెప్పాడు: "ముప్పై ఏళ్ల స్నేహమండీ. పెద్దదినం నాడు వెళ్లి భోంచేసి వచ్చా. ఆ తరవాత నన్నెవరూ అడగలేదు."

ఎవరూ ఎందుకు అడగలేదు? మన పలకరింపు చుట్టరికం దారిలోనే నడుస్తుంది కాబట్టి. మైల జ్ఞాతులకు, కొత్త బట్టలు పుట్టింటివాళ్లనుంచి, నిద్రకు తీసుకెళ్లేది దగ్గరి బంధువులు. ఆఫీసులో సెలవు అడిగినా పోయింది మీకేమవుతారని అడుగుతారు. స్నేహితుడంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. కడుపు పోయిన ఆడమనిషికి మళ్లీ పుడతారులే అని చెప్పి పంపేస్తారు. విడిపోయిన భర్త పోతే ఏడవాలో మానాలో ఆ భార్యకు ఎవరూ చెప్పరు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖాల మీద అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకమే వెలువరించాడు. చెప్పుకునే చోటు లేకపోవడమే ఆ దుఃఖాన్ని మరింత బరువెక్కిస్తుందన్నది దాని సారాంశం. పాత కాలపు శ్రాద్ధ విధిలో, ఎంత చిన్నదైనా, ఆ చోటు ఉంది. ఈ జాబితా మీద నాకింత ఇష్టం ఏర్పడటానికి కారణం అదే.

ఈ కృష్ణా నదే ఒక ఉదాహరణ చూపించింది. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. భవానీపురానికి ఎగువన, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరి పవిత్ర సంగమానికి చేరువలో పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి వచ్చిన వాకర్స్ క్లబ్ సభ్యులు, వాళ్ల కుటుంబీకులు. పొద్దున్నే కలిసి నడిచేవాళ్లకు చుట్టరికం ఉండక్కర్లేదు. ఇంటిపేర్లు, కులాలు వేరు కావచ్చు. పోయినవాళ్ల ఇళ్లకు బంధువులు వస్తారు, నాయకులు వస్తారు, పరిహారం వారసులకు అందుతుంది. రోజూ పక్కన నడిచిన మనిషి లేకుండా మర్నాడు అదే దారిలో అడుగు వెయ్యాల్సినవాడి ఇంటికి ఎవరు వెళ్తారు? అతనికీ ఆ రోజు ఒక మనిషి పోయాడు.



శ్రాద్ధ జాబితా అందరినీ కలుపుకుందని నేననను. నీళ్లు వదిలే చెయ్యి ఇప్పటికీ చాలావరకు మగవాళ్లదే. పెద్దమ్మ పేరు గుర్తుచేసిన భార్య, తన స్నేహితురాలు పోతే ఆ మెట్ల మీద ఎవరికి చెప్పుకోవాలి? కర్మలు నమ్మనివాళ్లకు, చేయించే స్తోమత లేనివాళ్లకు ఈ దారే లేదు. కానీ మంత్రాన్ని పక్కన పెట్టినా ఒక పని మిగులుతుంది. ఒక కాగితం మీద పేర్లు రాయడం, మరొక మనిషి వినేలా వాటిని పైకి చదవడం. దానికి నది కూడా అక్కర్లేదు.

నేను కోరేది ఒక్కటే. ఈ అమావాస్యకు ఇంట్లో పెద్దలను తలుచుకునేటప్పుడు, మీకు తెలిసిన ఒక చావును గుర్తు చేసుకోండి. అప్పుడు మీరు పలకరించిన ఇల్లు కాకుండా, పలకరించకుండా వదిలేసిన మనిషెవరో ఆలోచించండి. పోయినవాడి స్నేహితుడో, పక్కింటావిడో, ఆ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషో. ఫోన్ చేయండి. ఏళ్లు గడిచినా ఆలస్యమేమీ కాదు.

ఎవరికెన్ని రోజులు

హిందువుల ఇళ్లలో మూడో రోజు చిన్నదినం, పోయినవారికి ఇష్టమైనవి వండి పక్షికి పెట్టడం, పది రోజులు దాటాక పెద్దదినం, ఏడాదికి సంవత్సరీకం. ఇళ్లను బట్టి రోజులు అటూ ఇటూ అవుతాయి. ముస్లింల ఇళ్లలో నలభయ్యో రోజు ఫాతెహా చాలాచోట్ల ఉంది. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఆదరణ కూడిక పెడతాయి. కేథలిక్కులు నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు.

పలకరించడానికి వెళితే

"ధైర్యంగా ఉండు" అనకండి. ఎలా జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి. పోయినవాళ్ల పేరు పెట్టి మాట్లాడండి, మీకు తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. ఒక పూట భోజనం పట్టుకెళ్లండి. పెద్దదినం అయ్యాక ఇల్లు ఖాళీ అవుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లండి.

ఎప్పుడు సాయం అడగాలి

దుఃఖం జబ్బు కాదు. దానికి అయిదు మెట్లుంటాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో అది రాసింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి. పోగొట్టుకున్నవాళ్లంతా ఆ వరుసలోనే నడవాలని లేదు. కానీ తీవ్రమైన వేదన తగ్గకుండా రోజువారీ బతుకునే ఆపేస్తుంటే వైద్యులను కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఇందుకు కనీసం 6 నెలలు, అమెరికా మనోవైద్యుల ప్రమాణాలు పెద్దలకు 12 నెలలు గడువుగా పెట్టుకున్నాయి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ గడువూ చూడొద్దు. మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.