స్పార్క్ ముందే ఎందుకు రావాలి?

ఈ ఏడాది స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో కమిటీ వారు నన్ను కూడా కూర్చోబెట్టారు. మెకానికల్ డిప్లొమా చదివే ఒక అబ్బాయిని, “పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే స్పార్క్ ఎందుకు ఇస్తారు బాబూ?” అని అడిగాను. “టాప్ డెడ్ సెంటర్‌కు ఇన్ని డిగ్రీల ముందు అని పుస్తకంలో ఉంది సార్” అన్నాడు. ఎందుకో చెప్పలేక తల దించుకున్నాడు. అతన్ని తప్పు పట్టను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసిన నేను కూడా అది తెలియకనే ఒకసారి గట్టిగా నష్టపోయాను.

మా సర్వీసు తొలి రోజుల్లో పై ఊరి చెక్కు జమ కావాలంటే పది, పదిహేను రోజులు పట్టేది. ఫీజుకు ఆఖరు తేదీ 30 అయితే, చెక్కు 15నాటికే వేయాలి. ఇంజను సంగతీ అంతే. స్పార్క్ పడగానే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమమంతా ఒక్కసారిగా మండదు. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట సిలిండరంతా పాకాలి. అందుకు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఆ కాస్త సమయంలో క్రాంకు సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది. 3000 చుట్లయితే 36 డిగ్రీలు. పిస్టన్ పైకి వచ్చి దిగడం మొదలుపెట్టిన కొద్దిసేపటికి ఒత్తిడి గరిష్ఠంగా ఉండాలి. కాబట్టి మొత్తం 36 డిగ్రీలూ ముందుకు జరపరు గాని, వేగం పెరిగేకొద్దీ స్పార్క్ మరింత ముందుగా రావలసిందే.

ఆ జరపడం డిస్ట్రిబ్యూటర్ లోపల ఉన్న రెండు చిన్న బరువులు, స్ప్రింగులు చూసుకుంటాయి. మనం చేత్తో పెట్టేది మొదటి లెక్క మాత్రమే, మా భాషలో ఓపెనింగ్ బ్యాలెన్స్. అది తప్పితే తర్వాతి పేజీలన్నీ తప్పే.

నా దగ్గరున్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను పాత అంబాసిడర్. (ఉత్తరపారలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది.) ముందుగా కాంటాక్ట్ పాయింట్లు శుభ్రం చేసి, ఫీలర్ గేజ్‌తో వాటి సందు సరిచూడాలి. మా బండికి అది అంగుళంలో వెయ్యింట 15 వంతులు. సందు మారితే టైమింగూ మారుతుంది గనుక ఈ పని మొదట చేయాలి. చాలామంది చివర చేసి, చేసిందంతా పాడుచేసుకుంటారు.

తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆపి, రేడియేటర్ పక్కనున్న ఒకటో సిలిండర్ ప్లగ్గు విప్పాలి. ఆ రంధ్రం మీద ఒకరు బొటనవేలు పెడితే, మరొకరు హ్యాండిల్‌తో ఇంజను మెల్లగా తిప్పాలి. గాలి వేలిని నెట్టిందంటే అది కంప్రెషన్ స్ట్రోక్. ఈ పరీక్ష మానకండి. ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో కూడా పిస్టన్ పైకి వస్తుంది. అప్పుడు రోటార్ నాలుగో సిలిండర్ వైపు చూస్తుంటుంది. ఫైరింగ్ వరుస 1-3-4-2 కదా! ఇక క్రాంకు పుల్లీ మీది గాడిని టైమింగ్ కవరు గుర్తులలో మాన్యువల్ చెప్పిన డిగ్రీకి ఎదురుగా తేవాలి. ఆ అంకె ఇంజను మోడల్‌ను బట్టి మారుతుంది, పక్కింటివారి బండి అంకె పనికిరాదు.

ఇప్పుడు 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి కావాలి. ఒక తీగ డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న సన్న వైరు టెర్మినల్‌కు, రెండోది ఇంజను బాడీకి తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు మూసి ఉంటే బల్బు వెలగదు, విడితే వెలుగుతుంది. పాయింట్లు విడిన క్షణమే స్పార్క్ పుట్టే క్షణం. క్లాంపు బోల్టు వదులు చేసి, రోటార్ తిరిగే దిశలోనే డిస్ట్రిబ్యూటర్‌ను బల్బు ఆరేదాకా తిప్పి, మళ్లీ ఎదురు దిశలో వెంట్రుకవాసి చొప్పున జరపండి. బల్బు వెలిగీ వెలగగానే ఆపి బోల్టు బిగించండి. ఇగ్నిషన్ వెంటనే ఆపేయాలి, లేకుంటే కాయిల్ వేడెక్కుతుంది.

నా నష్టం సంగతి చెప్పలేదు కదూ. 2006లో మా అమ్మాయికి ఇంజనీరింగు సీటు వచ్చిందని అందరం తిరుమల బయలుదేరాం. బండి ఘాట్‌లో బాగా లాగాలని ముందురోజు డిస్ట్రిబ్యూటర్‌ను నేనే “కాస్త” ముందుకు తిప్పాను. అది క్రాంకు వేగంలో సగానికే తిరుగుతుంది, అక్కడ 5 డిగ్రీలు జరిపితే క్రాంకు లెక్కలో 10 అని నాకప్పుడు తెలియదు. కొండ ఎక్కుతున్నంతసేపూ టిక్ టిక్ మని చప్పుడు. వాల్వుల శబ్దమనుకున్నాను. నిజానికి మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతోంది. తిరుగు ప్రయాణంలో నీలం పొగ మొదలైంది. మెకానిక్కు ఇంజను విప్పితే ఒక పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడి ఉంది. అమ్మాయి ఫీజుకు దాచిన డబ్బు అక్కడ పోయింది. ఫీజు కట్టడానికి స్టాఫ్ సొసైటీలో అప్పు తీశాను, ఆ పిల్ల ఒక్క మాట అనలేదు.

అందుకే బల్బుతో సరిచూశాక రోడ్డు మీద కూడా పరీక్షిస్తాను. టాప్ గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే క్షణకాలం సన్నగా టిక్కుమని ఆగిపోవచ్చు. ఆగకుండా మోగితే స్పార్క్ మరీ ముందుగా వస్తున్నట్టే, డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం వెనక్కి తిప్పాలి. ఇప్పటి కార్లలో ఈ చప్పుడు వినడానికి సెన్సర్, సరిదిద్దడానికి కంప్యూటర్ ఉన్నాయి. లోపల జరిగే పని మాత్రం ఇదే.

ఆ డిప్లొమా అబ్బాయి వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తానన్నాడు. చూడదలచిన మిగతా పిల్లలూ రావచ్చు. ఉదయం ఎనిమిదిలోపే రండి, ఇంజను చల్లగా ఉంటుంది. ఫీలర్ గేజ్ నా దగ్గర ఉంది, పాత బట్టలు వేసుకొస్తే చాలు.